పారాణి కొండ

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా బడిలో సైన్సు ఫెయిర్ పెట్టారు. ఎవరు ఏ నమూనా చెయ్యాలో తేల్చడానికి చీటీలు తీశారట. మా పిల్ల చీటీలో అగ్నిపర్వతం వచ్చింది. సాయంత్రం గుమ్మం దాటుతూనే సంచీ మంచం మీదికి విసిరేసి, "అమ్మా, నాకు కొండ కావాల. అది పేలాల" అని అరిచింది.

పెరట్లో బియ్యం చెరుగుతున్న మా అత్త తలెత్తి, "ఇప్పుడు పేలాలేటే? పేలాలు తొలేకాదశికి కదా!" అంది.

నేనూ పిల్లా పడీ పడీ నవ్వాం. అత్త నవ్వలేదు. అంత సులువుగా నవ్వే మనిషి కాదు ఆవిడ.

మాది నరసన్నపేట. ముందువైపు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, దాని వెనక చిన్న పెరడు. మా ఆయన పొద్దున్నే కొట్లో కూర్చుంటే మళ్ళీ భోజనానికే లోపలికి వచ్చేది. నేను పుట్టింది కోటబొమ్మాళి దగ్గర పల్లెలో. ఇంటర్‌లో బైపీసీ చదివాను. పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్ళయింది, ఆ పుస్తకాలు అక్కడే అటక మీద ఉండిపోయాయి. పదమూడేళ్ళుగా అత్తా నేనూ ఒకే వంటింట్లో తిరుగుతున్నా, మా మాటలు కూరల దగ్గర మొదలై కూరల దగ్గరే ఆగిపోయేవి. గొడవలేమీ లేవు. మాట్లాడుకోవాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

పిల్ల ఆ రోజు పుస్తకంలో బొమ్మ తీసి మామ్మకు చూపించింది. అత్త బడి మొహం చూడలేదు. పుస్తకాన్ని చేతులు చాచినంత దూరంలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది కొండ కాదే. పొయ్యి. సూడు, లోపల మంట, మీద పొగ."

"కొండే మామ్మా. భూమి లోపల రాళ్ళు కరిగిపోయి పైకొచ్చేస్తాయి."

"రాళ్ళు కరుగుతాయేటే? మన సుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాదా అలాటి కొండ?"

"నేదు."

"అయితే ఎవులో నీకు కత సెప్పినారు" అని పుస్తకం మూసి, మళ్ళీ చేట అందుకుంది.

బడిలో చెప్పినట్టే అట్టముక్కలు నిలబెట్టి, వాటి మీద పాత పేపర్లు మైదా జిగురుతో అతికించాం. రెండు సాయంత్రాలు కష్టపడ్డాం. మూడో రోజు పొద్దున లేచి చూసేసరికి తడికి మెత్తబడి, కొండ కాస్తా ఒక పక్కకి కూర్చుండిపోయి ఉంది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్త చూసి, "కాయితంతో కొండ కడతారేటి ఎక్కడైనా" అని గొణుక్కుంటూ వీధిలోకి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. మర్నాడు పాలు పోసే ఆవిడ క్యానుతో పాటు ఒక గోనె సంచీ కూడా దింపింది. నిండా పుట్టమన్ను.

గ్యాసు రాని రోజుల్లో తమ వీధిలో సగం ఇళ్ళకు మా అత్తే మట్టి పొయ్యిలు వేసేదట. నేను కాపరానికి వచ్చేసరికి ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, అందుకని ఆవిడ మట్టి పిసకడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూశాను. మన్ను జల్లించి, ఊక కలిపి, పేడ నీళ్ళు చిలకరించి, చీర ఎగ్గట్టి మడమతో తొక్కింది. తరవాత అరచేత్తో అదిమి చూసి, "ఇంకా అవ్వనేదు" అంది. మళ్ళీ తొక్కింది. చిన్న నీళ్ళ సీసా పైభాగం కోసి ఒక చెక్క పలక మధ్యలో నిలబెట్టాం. దాని చుట్టూ మట్టి ముద్దలు పేర్చుకుంటూ పోతుంటే, ఆవిడ బొటనవేలు నొక్కిన చోటల్లా ఒక లోయ పుట్టింది. రెండు గంటల్లో మా పెరటి గట్టు మీద మోకాలెత్తు కొండ నిలబడింది. పైనుంచి కిందికి వంకరగా రెండు కాలవలు తీసింది.

"అవెందుకు మామ్మా?"

"నీరైనా నిప్పైనా దారి సూపించాల. నేకపోతే ఊరంతా పాడుసేస్తాది."

నాలుగు రోజులు నీడలో ఆరబెట్టింది. పొద్దునా సాయంత్రం వేలితో పగుళ్ళు వెతికి పల్చటి మట్టి పూసేది. అడక్కుండానే ఇంత పని చేస్తున్న మా అత్తను నేను వంటింటి కిటికీలోంచి వింతగా చూస్తూ ఉండేదాన్ని.

ఫెయిర్ ఇంకా రెండు రోజులుందనగా పిల్లకు జ్వరం తగిలింది. తెల్లారేసరికి రెండు చెంపలూ ఉబ్బిపోయి, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా అయ్యింది. గవదబిళ్ళలు. డాక్టరు మందులు రాసిచ్చి, పది రోజులు బడికి పంపొద్దు, పిల్లల్లో కలపొద్దు అన్నారు. అత్త తన మెడలో గొలుసు తీసి పిల్ల మెడలో వేసింది. గవదలకు బంగారం వెయ్యాలని మా వైపు పెద్దవాళ్ళు అంటారు. బడికి ఫోన్ చేస్తే టీచరమ్మ, "పాపం, రెస్టు తీసుకోమనండి. అగ్నిపర్వతం ఇంకో అమ్మాయితో చేయిస్తాంలే" అంది. ఆ మాట నేను పిల్లకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. నోరు తెరిస్తే నొప్పి కాబట్టి గట్టిగా ఏడవడానికి కూడా లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఫెయిర్ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త గదిలోకి వచ్చింది.

"ఒసే, లెగు. బడికెల్లకపోతే కొండ పేలదేటి? మనం పేల్సుకుందాం రా."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నాలుగు రోజులు నడుం ఇరిగిపోయీలాగ కట్టినాను. నాకూ సూపించవేటి?"

ఆ మాటకు అది లేచింది.

కొట్లోంచి సోడా ఉప్పు తెచ్చాను. వెనిగర్ ఉందా అని మా ఆయన్ని అడిగితే, పై అరలో దుమ్ము పట్టిన సీసాలు రెండు దింపి ఇచ్చాడు. ఏం చేస్తున్నామో చూద్దామని గుమ్మం దాకా వచ్చాడు గాని, బేరం రావడంతో వెనక్కి వెళ్ళిపోయాడు. పిల్ల కొండ మధ్యలో సీసాలోకి సోడా వేసి, కాస్త నీళ్ళు పోసి, వెనిగర్ వంచింది. బుస్సుమని తెల్లని నురగ లేచింది. అంచు దాకా వచ్చి, ఒక బొట్టు కూడా కిందకి జారకుండా, దిగిపోయింది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"ఇంతేనా?" అంది అత్త.

పిల్ల బుగ్గలు పట్టుకుని, నోరు పెద్దగా తెరవకుండా, "నురగ నిలవాలంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కలపాల. టీచర్ సెప్పినారు. రంగు కూడా ఎర్రగ ఉండాల. కుంకం ఎయ్యాల" అంది.

నేను దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి కుంకం భరిణ తీశాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కుంకం ఎలగేస్తావు? కిందకి కారి కాలి కింద పడతాది. తప్పు."

"మరి ఎర్రగ ఎలగ అత్తా?"

"పారాణి కలుపు. పారాణి కాళ్ళకే కదా, తొక్కినా తప్పునేదు."

తనే పసుపు తీసుకుని, తమలపాకుల డబ్బాలోంచి సున్నం వేలితో తీసి, గిన్నెలో నీళ్ళతో రంగరించింది. పచ్చటి ముద్ద మా కళ్ళ ముందే నెత్తురు రంగుకు తిరిగింది. ప్రతి పెళ్ళిలోనూ చూసేదే కదా, మేమేమీ ఆశ్చర్యపోలేదు. అందులో సోడా చేతినిండా వేసి చిక్కగా కలిపి, సీసాలోకి వంచాం. సబ్బు నీళ్ళూ వెనిగరూ ఒక చెంబులో కలిపి పిల్ల చేతికిచ్చాను.

ఫిబ్రవరి ఎండ గట్టు మీద పడుతోంది. పిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకుని కొంచెం పోసింది.

మొదట ఏమీ కాలేదు. తరవాత కొండ లోపల ఏదో గరగరలాడింది. ఎర్రగా, చిక్కగా, తొందర లేకుండా నోటి దాకా వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఉబ్బి ఆగింది. అంచు తెగి అత్త తీసిన కాలవలోకి దిగింది. రెండో కాలవ కూడా నిండింది. బుడగలు పగులుతుంటే ఆ ఎరుపు ప్రాణమున్నదానిలా కదులుతోంది. మేము చేసిందే, మా వంటింటి సరుకులే, అయినా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"ఓలమ్మోలమ్మ" అని అత్త ఒక అడుగు వెనక్కి వేసింది.

పిల్ల ఉండబట్టలేక చెంబులో మిగిలిందంతా ఒక్కసారి పోసేసింది. అప్పుడు మేమెవరం అనుకోనిది జరిగింది. కొండ నోట్లోంచి వస్తున్న ఎరుపు నారింజ రంగుకు తిరిగింది. నారింజ కాస్తా పసుపయ్యింది. కొత్త పసుపు పాత ఎరుపు మీంచి పారుతూ, అది తగిలిన చోటల్లా ఎరుపును చెరిపేసుకుంటూ కిందకి దిగింది. పుస్తకంలో బొమ్మలో ఉన్నట్టే, నోటి దగ్గర పచ్చగా వెలుగుతూ, కింద అంచులు మాత్రం ఎర్రగా మిగిలాయి. నురగ చిటపటలు తప్ప పెరట్లో చప్పుడు లేదు.

ముందుగా తేరుకున్నది అత్తే. "ఎరుపు ఎనక్కెల్లిపోనాది" అంది నెమ్మదిగా. "పసుపుని ఎరుపు సెయ్యడం నా సిన్నప్పట్నించీ సేస్తన్నాను. ఎరుపు మళ్ళీ పసుపవ్వడం ఎప్పుడూ సూడనేదు. ఎందుకలగయ్యింది?"

అడిగింది నన్ను. పిల్ల కూడా నా వైపే చూస్తోంది.

నాకు తెలుసు. పదో తరగతి పరీక్షలో వచ్చింది: పసుపు సహజ సూచిక, క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు. ఒక మార్కు ప్రశ్న. రాశాను, మార్కు వచ్చింది. అయితే ఆ వాక్యంలో ఇంత ఉందని నాకు పదిహేనేళ్ళ దాకా తెలియలేదు. ఏ ప్రయోగశాలలోనూ నాకెవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

"సున్నం, సోడా ఒక జాతి అత్తా. పులుపు ఇంకో జాతి. సున్నం జాతి తగిల్తే పసుపు ఎర్రబడతాది. పులుపు తగిల్తే మళ్ళీ దాని రంగు దానికొచ్చేస్తాది."

అత్త తన కొంగు వైపు చూసుకుంది. "అందుకేనా, పసుపంటిన సీరకి సబ్బెడితే ఎర్ర మరకలైపోతాయి?"

"అందుకే."

"ఈ సంగతి నీకు తెల్సా?"

"పుస్తకంలో సదువుకున్నాను."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను రెండో వెనిగర్ సీసా మూత తిప్పాను.

ఆ మధ్యాహ్నం రెండు సీసాల వెనిగరూ అయిపోయేదాకా కొండను పేల్చాం. పిల్ల నవ్వొచ్చినప్పుడల్లా బుగ్గలు పట్టుకుని "నవ్వించకండి, నొప్పి" అంటూనే ఉంది. తరవాత గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో నిజం అగ్నిపర్వతం వీడియో పెట్టింది. ఏదో దూర దేశం. రాయి కరిగి నదిలా పారుతోంది, దారిలో ఒక ఇల్లు మెల్లగా అందులో మునిగిపోయింది. అత్త ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మూడోసారి కూడా చూసింది.

"కత కాదే" అంది పిల్లతో. తరవాత నన్ను అడిగింది, "అక్కడ మనుషులుంటారా?"

"ఉంటారత్తా. ఎల్లిపొమ్మన్నా ఎల్లరంట. ఆ బూడిద పడిన నేల కొన్నాళ్ళకి బాగా పండుతాదంట."

అత్త ఫోన్ వొళ్ళో పెట్టుకుంది. "ఎల్లరు. ఎలగెల్తారు" అంది.

అప్పుడు చెప్పింది. ఆవిడ పుట్టిల్లు శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉండగా ఏరు పొంగి ఊళ్ళోకి వచ్చింది. వాళ్ళ నాన్న ఆవిణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మెట్టకు చేర్చాడు. అక్కణ్ణించి వాళ్ళు తమ ఇంటి గోడలు ఒక్కొక్కటీ నీళ్ళలోకి కూర్చోవడం చూశారు. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే పొలం లేదు, గట్లు లేవు, అంతా నల్లటి ఒండ్రు.

"మాయమ్మ ఏడుస్తన్నాది. మా నాన్న ఆ బురద గుప్పిట్లోకి తీసి వాసన సూసినాడు. 'ఒలే, ఏడవకే, ఏరు మనకి బంగారం ఎట్టీసి ఎల్లినాది' అన్నాడు. ఆ ఏడు మాకు తిండినేదు. మరసటేడు అంత పంట మా ఊళ్ళో ఎవులూ సూడనేదు." పిల్ల జుట్టు సవరిస్తూ, "ముంచిందీ అదే, పెట్టిందీ అదే. దాన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలీక మా నాన్న రెండూ సేసీవోడు" అంది.

పిల్ల మామ్మ మోకాలి మీద తల పెట్టుకుని వింటోంది. నేనూ వింటున్నాను. పదమూడేళ్ళలో ఆవిడ చిన్నతనం గురించి నేను విన్న మొదటి కథ అది. నాకు ఆ రోజు ఏది ఎక్కువ ఆశ్చర్యమో చెప్పలేను. ఎరుపు పసుపైన క్షణమా, ఇంత ఏరు లోపల దాచుకుని రోజూ నా పక్కన కూరలు తరిగిన ఈ మనిషా.

మర్నాడు పొద్దున్నే అత్త నన్ను నిద్రలేపింది. "రా, సూడు." మా గట్టుకు సున్నం కొట్టి ఉంటుంది. దాని మీద ముందురోజు పారి ఎండిన పసుపు చారలు రాత్రికి రాత్రి మళ్ళీ ఎర్రబడి ఉన్నాయి. "సున్నం కదా! నువ్వు సెప్పిన జాతే కదా!" అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

ఇక ఆవిణ్ణి ఆపడం మా వల్ల కాలేదు. తెల్లగుడ్డ పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, చిన్న పీలికలు చింపి పెట్టుకుంది. కొట్లో ఉన్న ప్రతి సరుకు మీదా పరీక్షే. బట్టల సబ్బు పొడి ఎరుపు. నిమ్మకాయ పసుపు. చింతపండు పసుపు. అప్పడం నీళ్ళలో నానబెట్టి అద్దితే గుడ్డ ఎర్రబడింది. "ఈటిలో సోడా ఉన్నాదిరా" అని కొడుకుతో గట్టిగా చెబుతుంటే, అప్పడాలు కొనడానికి వచ్చినామె చేతిలో కట్ట అక్కడే పెట్టేసింది. మా ఆయన తల పట్టుకున్నాడు. అప్పడాలన్నిట్లోనూ కొంచెం సోడా ఉంటుందని, లేకపోతే పొంగవని, నేను వెళ్ళి ఆమెకు వివరించాల్సి వచ్చింది.

చెంపలు తగ్గాక పిల్ల బడికి వెళ్ళింది. టీచరమ్మ, ఫెయిర్ అయిపోయినా సరే, కొండ తీసుకురండి క్లాసులో చూద్దాం అంది. ఆటోలో నేనూ అత్తా వెళ్ళాం. దారిలో గోతులకు ఒక కాలవ అంచు విరిగింది. క్లాసులో టీచరమ్మ భయపడుతూ, ఒక్కో చుక్కా వెనిగర్ పోసింది. ఎర్ర నురగ కాస్త పొంగి ఆగిపోయింది. పసుపు రానే లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తకు మాత్రం తృప్తి కలగలేదు.

"ఇది కాదమ్మా, అసలుది ఇలగుండదు" అంది నలభై మంది పిల్లల ముందు. "ఆదివారం మా ఇంటికి రండి, సూపిస్తాను."

ఏదో మాటవరసకు అందనుకున్నాను. ఆదివారం పదింటికి ఆరుగురు పిల్లలు మా పెరట్లో ఉన్నారు. అత్త విరిగిన కాలవ అప్పటికే బాగుచేసి ఉంచింది. పారాణి కలుపుతూ, ఏది ఏ జాతో, ఏది తగిలితే ఏమవుతుందో తనే చెప్పింది. నేను పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఒక అమ్మాయి అడిగింది, "మామ్మగారూ, మొదటిసారి పేలినప్పుడు మీకు భయమేసిందా?"

అత్త చేతులకంటిన ఎరుపు కొంగుకు తుడుచుకోబోయి ఆగింది.

"బయం కాదమ్మా. ఏటనాలో నాకు మాట తెలీదు. ఒల్లు జల్లుమన్నాది. ఇంకా సూడాలనిపించినాది."

తరవాత నా వైపు తిరిగి, "ఏటలగ నిలబడిపోనావు? పొయ్యి" అంది. నేను చెంబు వంచాను.